బాణం గుర్తులు పక్కన పెట్టు

చి. సౌమ్యకి పెదనాన్న ఆశీస్సులు.

ఆవర్తన పట్టిక చుట్టూ బాణాలు గీసి, ఏది ఎటు పెరుగుతుందో బట్టీ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ బాణాలు కొంత దూరమే పనికొస్తాయి తల్లీ. ఏ ప్రశ్న వచ్చినా ముందు ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ షెల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, రాసుకో. చివరి ఎలక్ట్రాన్ ఏ షెల్‌లో ఉంది, కేంద్రకం దాన్ని ఎంత గట్టిగా లాగుతోంది అని చూడు.

పీరియడ్‌లో, అంటే అడ్డ వరుసలో, కుడికి వెళ్లేకొద్దీ ప్రోటాన్లు పెరుగుతాయి. కొత్త ఎలక్ట్రాన్లు అదే షెల్‌లో చేరతాయి, కేంద్రకం లాగుడికి పెద్దగా అడ్డు రావు. అందుకే పరమాణువు చిన్నదవుతుంది. గ్రూపులో, అంటే నిలువు వరుసలో, కిందికి దిగితే షెల్ పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. దీని మీద ఇంతకంటే టైం పెట్టకు.

అయాన్ల (ఎలక్ట్రాన్లు పోయిన లేదా చేరిన పరమాణువుల) దగ్గర మాత్రం నెమ్మదిగా చదువు. మెగ్నీషియం నుంచి మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి మోల్‌కి 738 కిలోజౌల్స్, రెండోదానికి 1451, మూడోదానికి ఏకంగా 7733 కావాలి. మొదటి రెండూ మూడో షెల్‌లోని 3ఎస్ ఉపషెల్‌వి, మూడోది లోపలి రెండో షెల్‌లోని 2పిది. రెండు ప్లస్ దగ్గరే ఎందుకు ఆగుతుందో ఆ అంకెలే చెబుతాయి.

"సోడియం ఎలక్ట్రాన్‌ని ఇచ్చేయాలని చూస్తుంది" అని మాత్రం రాయకు. నాకు ఒళ్లు మండే వాక్యం అది! వాయుస్థితిలో దాన్ని లాగడానికి మోల్‌కి 496 కిలోజౌల్స్ ఖర్చవుతుంది. క్లోరిన్ అందుకున్నప్పుడు వచ్చేది 349. ఇంకా 147 లోటే. అయాన్లు స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు విడుదలయ్యే దాదాపు 787 ఆ లోటు తీరుస్తుంది. అష్టకం (బయటి షెల్‌లో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండటం) ఒక్కటే చెబితే సగం జవాబే.

బాణం తప్పేది ఆక్సిజన్ దగ్గర. కుడికి వెళ్తే అయనీకరణ శక్తి (మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి అయ్యే ఖర్చు) పెరగాలని బాణం అంటుంది; కానీ నైట్రోజన్‌ది 1402, ఆక్సిజన్‌ది 1314. నైట్రోజన్‌లో మూడు 2పి ఎలక్ట్రాన్లూ విడివిడిగా ఉంటాయి. ఆక్సిజన్‌లో నాలుగోది జతలో ఇరుక్కుంటుంది, వికర్షణ వల్ల తేలిగ్గా ఊడుతుంది.

ఇనుముతో జాగ్రత్త. 4ఎస్ ముందు నిండినా, అయాన్ అయ్యేటప్పుడు ముందు ఖాళీ అయ్యేదీ అదే. ఇనుము రెండు ప్లస్‌లో బయట మిగిలేది 3డిలో ఆరు.

పొటాషియం నుంచి జింక్ దాకా విన్యాసాలు, వాటి అయాన్లవీ రాసి ఆదివారం ఫొటో పంపు. క్రోమియం, కాపర్ దగ్గర పుస్తకం చూసే ముందు కాసేపు నువ్వే ఆలోచించు.

మీ పెదనాన్న