స్క్రిప్ట్ నడిపిన ప్రతిసారీ ఖాళీ క్రోమ్ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. కొనుగోలుదారుల పోర్టల్‌లోని లెక్కలను రోజూ ఎక్సెల్‌లోకి దింపడానికి పైథాన్, ప్లేరైట్‌ (బ్రౌజర్‌ను ప్రోగ్రామ్ ద్వారా నడిపే సాధనం)తో స్క్రిప్ట్ రాసుకున్నాను. నడిపిన ప్రతిసారీ ఖాళీ బ్రౌజర్ తెరుచుకుని మళ్లీ లాగిన్, ఓటీపీ అడుగుతోంది. ఆ ఓటీపీ మా సేటు ఫోన్‌కు వెళ్తుంది. నేను ముందే లాగిన్ అయి పెట్టుకున్న క్రోమ్‌కే స్క్రిప్టును కలపొచ్చా? ప్రయత్నిస్తే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటోంది.

జవాబు: కలపొచ్చు. మీ కోడ్ తప్పు కాదు. 'లాంచ్' అంటే ప్లేరైట్ ప్రతిసారీ తాత్కాలిక ప్రొఫైల్‌ (లాగిన్లు, సెట్టింగులు దాచుకునే ఫోల్డర్)తో కొత్త బ్రౌజర్ తెరుస్తుంది. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లా అందులో మీ సామాను ఏదీ ఉండదు. టెస్టింగ్ చేసేవాళ్లకు అలాగే కావాలి, నిన్నటి కుకీలు (లాగిన్ లాంటివి గుర్తుంచుకోవడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే సమాచారం) ఇవాళ్టి టెస్టును పాడుచేయకూడదు కదా. మీకు కావాల్సింది 'కనెక్ట్'. అంటే నడుస్తున్న బ్రౌజర్‌కే వెళ్లి కలవడం.

అలా కలవాలంటే ఆ క్రోమ్ ముందే తలుపు, అంటే బయటి ప్రోగ్రామ్ వచ్చి కలిసే పోర్టు, తీసి ఉండాలి. మామూలుగా తెరిచిన క్రోమ్ తీయదు, మీకు వచ్చిన ఎర్రర్ అదే. క్రోమ్ షార్ట్‌కట్‌కు ఒక కాపీ చేసుకుని, దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర, కొటేషన్ గుర్తు తర్వాత ఖాళీ ఇచ్చి రెండు మాటలు చేర్చండి. ఒకటి రిమోట్-డీబగ్గింగ్-పోర్ట్=9222, రెండోది యూజర్-డేటా-డిర్= అని రాసి ఒక కొత్త ఫోల్డర్ దారి. రెండింటినీ ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు రెండేసి అడ్డగీతలతో టైప్ చేయాలి. చాలామంది పాత వీడియోలు చూసి రెండోది వదిలేస్తున్నారు. 2025లో వచ్చిన క్రోమ్ 136 నుంచి మీ రోజువారీ ప్రొఫైల్ మీద ఈ పోర్టు తెరుచుకోదు. కుకీలు దొంగిలించే మాల్‌వేర్ ఈ దారినే వాడుకుంటోందని గూగుల్ దాన్ని మూసేసింది. మంచి పని చేసింది.

ఆ షార్ట్‌కట్‌తో తెరిచి, పోర్టల్‌లో ఒకసారి లాగిన్ అవ్వండి. స్క్రిప్టులో 'కనెక్ట్ ఓవర్ సీడీపీ' (సీడీపీ అంటే క్రోమ్‌ను బయటి నుంచి నడిపే పద్ధతి) వాడి, చిరునామాగా http://127.0.0.1:9222 ఇవ్వండి. 127.0.0.1 అంటే మీ సొంత కంప్యూటరే. లోకల్‌హోస్ట్ అని రాయకండి. కొన్ని కంప్యూటర్లలో అది ఐపీవీ6 అనే మరో రకం చిరునామాకు వెళ్లి మళ్లీ అదే ఎర్రర్ ఇస్తుంది.

అసలు మెలిక దీని తర్వాత ఉంది. కనెక్ట్ అయ్యాక అలవాటుగా 'న్యూ కాంటెక్స్ట్' అని రాస్తే ఇన్‌కాగ్నిటో లాంటి ఖాళీ కిటికీ వస్తుంది, లాగిన్ పేజీ మళ్లీ ఎదురవుతుంది. నేను కూడా ఒక సాయంత్రమంతా ఇక్కడే ఆగిపోయాను. బ్రౌజర్‌లో అప్పటికే ఉన్న మొదటి కాంటెక్స్ట్‌ను, అంటే కాంటెక్స్ట్స్[0]ను తీసుకోండి. మీ లాగిన్ అందులోనే ఉంటుంది.

పోర్టల్ సెషన్ అయిపోతే ఓటీపీ తప్పదు, దాన్ని దాటే ఉపాయాలు వెతకొద్దు. ఆటోమేషన్‌కు పోర్టల్ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో చూసి, సేటుకు కూడా ఒక మాట చెప్పి నడపండి. లాగిన్ ఆయన పేరు మీద ఉంది కదా.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. క్రోమ్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ సెలీనియం (ప్లేరైట్ లాంటి మరో సాధనం) ఆగిపోతోంది. దాన్ని క్రోమ్‌తో కలిపే క్రోమ్‌డ్రైవర్ మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. 2022లో వచ్చిన సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ దానితోపాటే వస్తోంది, సరిపడే డ్రైవర్‌ను అదే తెచ్చుకుంటుంది. సెలీనియంను పిప్‌ (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్)తో అప్‌గ్రేడ్ చేసి, కోడ్‌లో డ్రైవర్ పాత్ ఇచ్చిన లైన్ తీసేయండి. పాత డ్రైవర్ ఫైల్ సిస్టమ్ పాత్‌లో (కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్లలో) ఉంటే దాన్ని కూడా తొలగించండి.

ప్రశ్న: వనపర్తిలో ఉంటాను. హైదరాబాద్‌లోని ఫ్రెండ్ నా కంప్యూటర్‌లోని క్రోమ్‌ను తన స్క్రిప్ట్‌తో నడపాలంటున్నాడు. రౌటర్‌లో 9222 పోర్టు తెరవమంటున్నాడు. తెరవొచ్చా?

జవాబు: వద్దు. ఆ పోర్టుకు పాస్‌వర్డ్ ఉండదు. దాన్ని చేరుకున్న ప్రతి ఒక్కరూ మీ ట్యాబ్‌లు చూడగలరు, కుకీలు తీసుకోగలరు, మీరు లాగిన్ అయి ఉన్న మెయిల్ చదవగలరు. మీ ఫ్రెండ్ మంచివాడే కావచ్చు, కానీ ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పోర్టుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రామ్‌లకు ఆ సంగతి తెలియదు. తప్పనిసరైతే ఖాళీ ప్రొఫైల్‌తో క్రోమ్ తెరిచి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (రెండు కంప్యూటర్ల మధ్య రహస్యంగా ఉండే సురక్షిత దారి) ద్వారా అతన్ని ఒక్కడినే రానివ్వండి. పని అయిపోగానే ఆ క్రోమ్‌ను మూసేయండి.