వయొలెంట్ ఫెమ్స్ ‘హాలోడ్ గ్రౌండ్’ మతాన్ని ఎగతాళి చేస్తోందా?

ప్రశ్న అడిగినవారు రెండే దారులు ఇచ్చారు. వయొలెంట్ ఫెమ్స్ అనే అమెరికా బ్యాండ్ 1984లో తెచ్చిన ఈ కంట్రీ పంక్ ఆల్బం, అంటే అక్కడి పల్లె బాణీల్ని పంక్ రాక్‌తో కలిపినది, క్రైస్తవాన్ని వెక్కిరిస్తోందా, లేక పాటలు రాసినతను నిజంగా నమ్మే పాడుతున్నాడా అని. క్రైస్తవ కుటుంబాల వాళ్ళకు వింటే ఎలా ఉంటుందనీ అడిగారు. ముందు మొదటిదానికి జవాబు: నమ్మే పాడుతున్నాడు. వింటే నవ్వొస్తుందన్నదీ నిజమే. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో నాకు తెలియడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

నేను ఒంగోలులో ఒక బాప్టిస్టు పాస్టరు కూతురిని. అమెరికా బాప్టిస్టులు మాకు కొత్త కాదు. 1878 జూలైలో, అమెరికా మిషనరీ క్లౌ దొర కాలంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్క సండేస్కూల్లో మాకు ఎక్కాలతో పాటే వచ్చేసింది. పై చదువుకని అమెరికాలోని మిల్వాకీ వెళ్ళినప్పుడు, ఇది మా ఊరి బ్యాండ్ అంటూ నా రూమ్మేటు కారులో ఈ సీడీ పెట్టింది. ‘జీసస్ వాకింగ్ ఆన్ ది వాటర్’ వచ్చేసరికి స్టీరింగు మీద దరువేస్తూ పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఫిడేలు, చప్పట్లు, మధ్యలో గొంతు చించుకునే ఒక కుర్రాడు! నడిబజారులో ఎవరో మా నాన్నను అనుకరిస్తున్నట్టే అనిపించింది.

ఆ కుర్రాడు గోర్డన్ గానో. అతని తండ్రీ బాప్టిస్టు పాస్టరేనని తరువాత తెలిసింది. తెలిశాక ఆల్బం మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

అప్పటి బ్యాండులో మిగతా ఇద్దరికీ, అంటే బాస్ గిటార్ వాయించే బ్రయన్ రిచీకీ, డ్రమ్మర్ విక్టర్ డిలొరెంజోకీ, ఆ భక్తి లేదు. మొదట్లో ఇలాంటి పాటలు వాయించడం వాళ్ళకు ఇష్టం లేకపోయింది. అందుకే 1983 నాటి తొలి ఆల్బంలో ఎక్కువగా ప్రేమలో భంగపడ్డ కుర్రాడి గోడే వినిపిస్తుంది. రెండో ఆల్బంలో వాళ్ళు సరే అన్నారు, అన్నాక మొహమాటం లేకుండా వాయించారు. నమ్మకం లేని ఇద్దరు అంత హుషారుగా తోడు రావడంలోనే సగం తమాషా ఉంది. డిలొరెంజో నిలబడి డ్రమ్స్ వాయించేవాడు. టామ్ డ్రమ్ మీద ఒక రేకు గంపను బోర్లించి, దానికి ట్రాన్సాఫోన్ అని గంభీరమైన పేరు పెట్టుకున్నాడు. భక్తి పాటకు గంప మీద దరువు! మా ఇంట్లో పాత క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చు వేసి ఉండేవి. అలాంటి పద్ధతిలో పెరిగినదాన్ని, నాకు ఇది మింగుడు పడలేదు.

మన సాహిత్యం తెలిసినవారు దీన్ని నిందాస్తుతి అనేయవచ్చు. నేను ఒప్పుకోను. చెరసాలలో రామదాసు రాముణ్ణి నిలదీశాడు, వాళ్ళిద్దరి మధ్యా తేలాల్సిన లెక్కలున్నాయి. గానో దేవుణ్ణి నిలదీసే జోలికే పోడు. చివరి పాట ‘ఇట్స్ గోనా రెయిన్’లో, జలప్రళయానికి ముందు ఓడ కట్టిన నోవహు కథను నోవహు కథగానే చెబుతాడు, వెటకారం లేదు. నవ్వంతా ఆ గొంతులో ఉంది. సువార్త గాయకుల నిండు కంఠం కాదది. ముక్కుతో పాడే పీల గొంతు, పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా జీరపోతుంది. నీళ్ళ మీద నడిచేవాడు యేసే, పాడేవాడు మాత్రం ఆయనలా నడవబోయి మోకాళ్ళ దాకా దిగబడిన శిష్యుడు పేతురు.

ఇక్కడ నాకు గుండ్లకమ్మ గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు బాప్తిస్మం కార్యక్రమం ఒకటి జరిగింది. నాన్న తెల్ల చొక్కాతో నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు. బియ్యం మిల్లు నడిపే ఒక భారీ మనిషి వంతు వచ్చింది. నాన్న బక్కపలచని మనిషి. ముంచడమైతే ముంచారు కానీ లేపలేకపోయారు. కాలు జారి ఇద్దరూ మునిగారు. కాసేపు నీళ్ళ మీద నాన్న కళ్ళజోడు తాడు ఒక్కటే కనిపించింది. ఒడ్డున కీర్తన ఆగిపోయింది. ముందు ఒక ముసలావిడ కిసుక్కుమంది, తరువాత అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషే నాన్నను రెక్క పట్టుకుని పైకి లేపాడు. నాన్న కూడా నవ్వుతూనే ముఖం తుడుచుకుని, ప్రార్థన ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకున్నారు. దైవదూషణ అన్న మాట ఎవరికీ తోచలేదు. అప్పటి నవ్వు, ఈ ఆల్బంలో నవ్వు ఒక జాతివే.

పనిగట్టుకుని వింటే ఆల్బమంతా నీళ్ళే. మొదటి పాట ‘కంట్రీ డెత్ సాంగ్’ 1862 నాటి ఒక వార్త ఆధారంగా రాసింది. ఒక తండ్రి కన్నకూతుర్ని బావిలో తోసి, తాను ఉరిపోసుకుంటాడు. టోనీ ట్రిష్కా బాంజో చాలా అందంగా మోగుతుంటుంది, అందుకే మరీ భయం వేస్తుంది. దాని వెనకే ‘ఐ హియర్ ది రెయిన్’ అనే వాన పాట. తరువాత నీళ్ళ మీద నడక. చిట్టచివర జలప్రళయం. బావిలో పాపంతో మొదలుపెట్టి ఓడ దాకా తీసుకుపోవడం నాకైతే పాస్టరు కొడుకు బుర్రకే తట్టే వరస అనిపిస్తుంది. వాళ్ళు అలా అనుకుని పేర్చారో లేదో గానీ, నేను అలాగే వింటాను.

అన్నీ మెచ్చుకోను. ‘బ్లాక్ గర్ల్స్’ పాటను దాటేస్తాను. జాన్ జోర్న్ శాక్సఫోను గోల సరదాగా ఉన్నా, అందులో జాతి గురించి వాడిన మాటలు వెకిలిగా ఉన్నాయి, భక్తుడు రాశాడని వాటిని క్షమించలేం. 1986 నాటి మూడో ఆల్బం పేరు మాత్రం నాకు భలే ఇష్టం, ‘ది బ్లైండ్ లీడింగ్ ది నేకెడ్’. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపితే ఇద్దరూ గుంటలో పడతారన్న యేసు మాటను అటుతిప్పి, ఆ రెండోవాడి ఒంటి మీద బట్టలు లేకుండా చేశారు.

క్రైస్తవ కుటుంబాల వాళ్ళకు ఎలా ఉంటుందన్నారు కదా. కిందటేడు సాహసం చేసి ఆ నీళ్ళ మీద నడక పాట, నోవహు వాన పాట నాన్నకు ఫోనులో పంపాను. ఉత్సాహం ఆపుకోలేక ఆల్బంలో మొదటిదైన ఆ బావి పాట కూడా. మర్నాడు ఉదయమే ఫోను చేశారు.

“ఎవరమ్మా ఆ అబ్బాయి? జలుబు చేసిందా?”

“గొంతే అంత నాన్నా. వాళ్ళ నాన్న కూడా పాస్టరే.”

కాసేపు మాట్లాడలేదు. “వాక్యం ఎక్కడా తప్పలేదు. ఆ వాన పాట యువజనుల కూటంలో వినిపిస్తాను. బావి పాట మాత్రం మీ అమ్మ చెవిన పడనీయకు.”