డాక్టరు చీటీ లేకుండా వచ్చినవాడికి ఏమిస్తావు?

అల్లుడూ,

కాశీబుగ్గలో మందుల షాపు తెరిచావు, మంచిదే. "బాబూ, జొరం, గొంతు నొప్పి. మంచి పవరున్న మాత్రలు రెండియ్యి" అంటూ రోజుకి పదిమంది వస్తారు. ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు. అందుకే ముందు "ఇవ్వను" అనకు, అడగడం మొదలుపెట్టు.

ఎవరికి? వయసెంత? ఎన్నాళ్ళయింది? దగ్గుందా? షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నాయా, ఆడమనిషైతే కడుపుతో ఉందా? ఇప్పటిదాకా ఏం వేసుకున్నారు? దీనికంతటికీ నిమిషం చాలు. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు గరగరలాడుతుంటే అది చాలామటుకు వైరసే. దాని మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు, అది బ్యాక్టీరియాని చంపే మందు. దగ్గు లేకుండా జ్వరం కాసి, మెడ దగ్గర బిళ్ళలు కట్టి, టాన్సిల్స్ మీద తెల్లగా చీము కనిపిస్తే బ్యాక్టీరియాని అనుమానించి డాక్టరు దగ్గరికి పంపు.

వచ్చినవాడికి కావలసింది నిజానికి మాత్ర కాదు, ఎన్నాళ్ళకి తగ్గుతుందో చెప్పే మనిషి. గొంతు నొప్పి వారం, జలుబు వారం పది రోజులు ఉంటుందని చెప్పు. నాలుగో రోజు యాంటీబయాటిక్ మింగినవాడికి ఏడో రోజు ఎలాగూ తగ్గుతుంది, పుణ్యం మాత్రకి పోతుంది. పారాసిటమాల్, ఉప్పునీళ్ళ పుక్కిలింత చెప్పి, చిన్న కాగితం మీద రాసివ్వు: ఆయాసం, మింగలేకపోవడం, మగత, మూడు రోజులు దాటిన జ్వరం, వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికి. ఆ కాగితం పట్టుకుని వెళ్ళినవాడు మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు.

దగ్గు రెండు వారాలు దాటిందా, టీబీ ఏమోనని కఫం పరీక్షకి పంపు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఇక్కడ లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడమంత తప్పు ఇంకోటి లేదు. అది టీబీ క్రిమిని కూడా కొంత అణుస్తుంది. నాలుగు రోజులు దగ్గు తగ్గినట్టుంటుంది, జబ్బు బయటపడడం నెలలు వెనక్కి పోతుంది, ఈలోగా ఇంట్లో అందరికీ అంటుతుంది.

స్ట్రిప్ కత్తిరించి రెండు మాత్రలివ్వడం మన షాపులకి పట్టిన చీడ. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రెండు మాత్రలతో ఏ జబ్బూ నయం కాదు. పేగుల్లో ఉన్న క్రిముల్లో మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి.

మీవైపు ఇంకో సంగతి. కవిటి, సోంపేట, మందస నుంచి వచ్చేవాళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువ, తమకుందని తెలియనివాళ్ళూ ఉంటారు. జ్వరానికీ ఒళ్ళు నొప్పులకీ డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ లాంటి కిడ్నీని దెబ్బతీసే నొప్పి మాత్రలు చేతికివ్వకు, పారాసిటమాల్ చాలు. డాక్టరు రాసిన చీటీ వచ్చినా, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్న, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యని మనిషికి లీవోఫ్లాక్సాసిన్ లాంటివి మోతాదు తగ్గించాలి. అనుమానం వస్తే మొహమాటపడక డాక్టరుకి ఫోను చెయ్యి.

నీళ్ళ విరేచనాలకి ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర అడుగుతారు. ఇవ్వాల్సింది ఓఆర్ఎస్, నీళ్ళలో కలిపి తాగే ఉప్పు, చక్కెర పొడి. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. చాలామంది పెద్ద ప్యాకెట్టుని ఒక్క గ్లాసులో కలిపేస్తారు. ఉప్పు ఎక్కువై పసిపిల్లకి ప్రాణం మీదికొస్తుంది. లీటరు వాటర్ బాటిల్ చూపించి చెప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ పిల్లలకి జింకు రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆర్నెల్లు నిండనివాళ్ళకి 10, విరేచనాలు ఆగినా 14 రోజులూ వెయ్యాలి. నెత్తురు పడితే డాక్టరే చూడాలి.

డాక్టరు యాంటీబయాటిక్ రాసినప్పుడు నీ పని మొదలవుతుంది, అయిపోదు. పిల్లల పొడి సిరప్ సంగతే చూడు. సీసా తట్టి పొడి వదులుచెయ్యి. కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి కుదుపు, నురగ దిగాక గీత దాకా పోసి మళ్ళీ కుదుపు. ఒక్కసారే గీత దాకా పోస్తే అడుగున ముద్దకట్టి, మొదటి రోజుల్లో పలచన మందు, చివర్లో చిక్కటి మందు పడుతుంది. కలిపిన తేదీ సీసా మీద నువ్వే రాయి. అమాక్సిసిలిన్ సాధారణంగా వారమే నిలుస్తుంది, లేబుల్ కూడా చూసుకో. ఇంట్లో చెంచాతో కాదు, కొలత మూతతోనే పొయ్యమను.

ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి గొంతు నొప్పి, ఆడవాళ్ళ మూత్రంలో మంట లాంటి ఏడు జబ్బుల్ని ఫార్మసిస్టే చూసి, నిబంధనలకి సరిపోతే యాంటీబయాటిక్ కూడా ఇవ్వొచ్చు. మనకా వెసులుబాటు లేదు. మూత్రంలో మంటన్న మనిషిని పరీక్షకి పంపడం దాకే నీ వంతు. కానీ వాళ్ళలా అడిగే పద్ధతి మనం పట్టుకోవచ్చు.

ఇక రిజిస్టరు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 (చీటీ మీదే అమ్మి, లెక్క రాయాల్సిన మందుల ప్రభుత్వ జాబితా) మందులకి డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చావో రాసి మూడేళ్ళు దాచాలి. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ అందులోవే. అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ అందులో లేవు కాబట్టి చీటీ అక్కర్లేదనుకుంటారు కొందరు. అవి షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, చీటీ కావాల్సిందే. అమ్మినప్పుడే రాయి. వారానికోసారి కూర్చుని రాద్దామనుకుంటే పేర్లు కల్పించాల్సొస్తుంది.

నీ మావయ్య