పెట్టె మీది స్టార్ గుర్తు

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: "బరంపురంలో ఫోన్ కొన్నాను. నాలుగేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని పెట్టె మీద వేశారు. ఏడాదిన్నరకే ఆగిపోయాయి. షాపులో అడిగితే పెట్టె చదువుకోమన్నారు. ఇది మోసం కాదా?"

ఈ ప్రశ్న ఇప్పటికి చాలామంది అడిగారు. మీరు పెట్టె ఫొటో కూడా పంపడం మంచిదైంది, జూమ్ చేసి చూశాను. "4 సంవత్సరాలు" పక్కన చిన్న స్టార్ గుర్తు ఉంది. దాని తాలూకు మాట ఎక్కడో అడుగున, బార్‌కోడ్ పక్కన, తెల్ల అట్ట మీద లేత బూడిద రంగులో ఉంది: మోడల్ విడుదలైన తేదీ నుంచి అని. మీరు కొన్నది విడుదలైన రెండున్నరేళ్లకు, పండగ డిస్కౌంట్‌లో. అంటే బిల్లు కట్టిన రోజుకే మీకు మిగిలింది ఏడాదిన్నర. ఆ సంగతి షాపువాళ్లు ముందే చెప్పాల్సింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, బిల్లు, పెట్టె పారేయకండి.

నాకు టెన్షన్ డబ్బు గురించి కాదు. అప్‌డేట్లు ఆగినా ఫోన్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆండ్రాయిడ్‌లో బయటపడ్డ లోపాల వివరాలు దాదాపు ప్రతి నెలా సెక్యూరిటీ బులెటిన్‌లో అందరికీ కనిపించేలా వస్తాయి. అప్‌డేట్ అందిన ఫోన్‌లో ఆ కన్నం పూడుతుంది, అందని ఫోన్‌లో కన్నం ఎక్కడుందో దొంగకు కూడా తెలిసిపోతుంది. అదే ఫోన్‌లో మీ యూపీఐ ఉంది, ఓటీపీలు అందులోకే వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది ఏడాది పాతదైతే బ్యాంకు యాప్‌లను, ఆ సిమ్‌ను అప్‌డేట్లు వచ్చే ఫోన్‌కి మార్చండి. పెళ్లి శుభలేఖ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌ని (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మాత్రం ఏ ఫోన్‌లోనూ తెరవకండి, ఎన్నిసార్లు చెప్పినా తెరుస్తూనే ఉన్నారు.

ఇంకొకరు గోపాల్‌పూర్ బీచ్‌లో అలల్లో నిలబడి ఐపీ68 ఫోన్‌తో, అంటే దుమ్ము, నీళ్లు తట్టుకుంటుందని రేటింగ్ ఉన్న ఫోన్‌తో, వీడియో తీశారు, ఇప్పుడు స్పీకర్ మూగబోయింది, వారంటీ రాదన్నారట. ఆ 68 పరీక్ష ల్యాబ్‌లో, కదలని మంచినీటిలో, కొత్త ఫోన్‌కి చేసేది. సముద్రం ఉప్పునీళ్లు, పైగా అల కొడుతుంది. ఒకటి రెండుసార్లు కింద పడ్డ ఫోన్‌లో సీలు మునుపటిలా ఉండదు. నీళ్ల వల్ల పాడైతే వారంటీ లేదని కూడా అదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పూర్తిగా ఆరే దాకా చార్జింగ్ పెట్టకండి, బియ్యంలో పూడ్చకండి.

పవర్ బ్యాంకు మీద రాసినంత చార్జింగ్ ఫోన్‌కి ఎందుకు ఎక్కదని అడిగినవాళ్లకూ ఇదే జవాబు, చిన్న అక్షరాలు చూడండి. 10000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం కొలత) అనేది లోపలి బ్యాటరీది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. 5 వోల్టులకు మారేసరికి ఫోన్‌కి చేరేది సుమారు 6000. "రేటెడ్ కెపాసిటీ" అని వెనక రాసేది ఆ అంకే.

కొనేవాళ్లు చదవరని నాకూ విసుగే, కానీ తప్పు ముందు రాసేవాళ్లది. రాయగడలో, పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పెట్టె మీద షరతు మాత్రం ఇంగ్లిష్‌లో, కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత సైజులో. "4" అంకెను బొటనవేలంత వేయగలిగినవాళ్లు, "విడుదల తేదీ నుంచి" అనే మూడు మాటలు దాని పక్కనే, అంతే సైజులో వేయలేరా? ఆ విడుదల తేదీ కూడా పెట్టె మీద ఉండదు, తయారీ నెల ఉంటుంది, అది వేరే.

ఇకనుంచి ప్రశ్నతో పాటు పెట్టె వెనక వైపు ఫొటో కూడా పంపండి, అక్షరాలు కనిపించేలా దగ్గరగా తీసి.