పాత జీపులో స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్ అరిగితే షాఫ్ట్ మొత్తం మార్చాలా?

అక్కర్లేదు, షాఫ్ట్ (స్టీరింగ్ చక్రం తిప్పుడును కింద ఉండే గేర్ల పెట్టెకు, అంటే స్టీరింగ్ బాక్సుకు, అందించే కడ్డీ) బాగుంటే అరిగిన లోపలి భాగాలు మాత్రమే మార్చి జాయింట్‌ను మళ్లీ బిగించుకోవచ్చు. 1987–95 నాటి జీప్ రాంగ్లర్ వైజేనే తీసుకోండి. అందులో షాఫ్ట్ పైకొసన గిన్నెలాంటి కప్పు ఉంటుంది. షాఫ్ట్‌కు అడ్డంగా దూర్చిన పిన్ను, దాని రెండు చివర్ల ఉండే బేరింగ్ దిమ్మలు ఆ కప్పు గాడుల్లో ఆడతాయి. జాయింట్ అంటే ఇదే. రబ్బరు తొడుగు చిరిగిందంటే మట్టి, నీళ్లు చేరి గ్రీజు పోతుంది. దిమ్మలు అరిగి స్టీరింగ్‌లో ప్లే, అంటే తిప్పినా బండి చక్రాలు కదలని వదులు, వస్తుంది.

ఇంజిన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ ఆడిస్తుంటే మీరు జాయింట్‌నే చూడండి. పైభాగం కదిలినా కిందిది కదలకపోతే లోపం అక్కడే. పిన్ను, దిమ్మలు, స్ప్రింగు, తొడుగు కలిపి కిట్‌గా దొరుకుతాయి. విప్పేముందు రెండు భాగాల మీదా గుర్తు పెట్టుకోండి, లేదంటే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. కప్పు గాడులే గుంటలు పడితే కిట్ పనికిరాదు, అప్పుడు షాఫ్ట్ మార్చాల్సిందే.

చాలామంది ప్లే అంతా స్టీరింగ్ బాక్సుదే అనుకుని దానిమీది అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తారు. దయచేసి అలా చేయకండి. జాయింట్‌లోని ప్లే పోదు సరికదా, బాక్సు బిగుసుకుని మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.