చప్పటి అన్నానికి రుచి ఎప్పుడు పట్టించాలి

నాన్నా,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. అలసిపోయి వచ్చినా నీ వంట నువ్వే చేసుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. కూర వండే ఓపిక లేని రోజు ఉత్త అన్నం గొంతు దిగడం లేదని, ఏం కలిపినా రుచి పైపైనే ఉండిపోతోందని రాశావు. నాకు తెలిసినదంతా రాస్తాను, తీరికగా చదువు.

నువ్వు అన్నం అయ్యాక రుచి కలుపుతున్నావు. గింజకు రుచి పట్టేది అంతకు ముందే, అది ఉడికే సమయంలో. నీళ్లు సుమారు 70 డిగ్రీల వేడికి వచ్చేసరికి బియ్యంలోని పిండి పదార్థం ఆ నీటిని పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. ఆ నీటిలో ఉప్పు ఉంటే ఉప్పు కూడా లోపలికి పోతుంది. ఉడికిపోయాక చల్లిన ఉప్పు మాత్రం పైనే ఉంటుంది. ఒక ముద్ద ఉప్పగా, ఇంకో ముద్ద చప్పగా తగిలేది అందుకే. కాబట్టి ముందు ఎసట్లో ఉప్పు వేయడం అలవాటు చేసుకో. కప్పు బియ్యానికి అర టీస్పూను సరిపోతుంది. వేరే ఏమీ చేయకపోయినా ఈ ఒక్క మార్పుతోనే నీకు తేడా తెలుస్తుంది.

ఇంకో సంగతి. గంజి వార్చి వండితే నువ్వు నీళ్లలో వేసిన రుచిలో సగం గంజితో పాటే పోతుంది. రుచి పట్టించాలనుకున్న రోజు అత్తెసరు పెట్టు, అంటే నీళ్లన్నీ అన్నంలోనే ఇగిరిపోయేలా కొలిచి పొయ్యి. కప్పు బియ్యానికి కప్పున్నర నుంచి రెండు కప్పుల నీళ్లు పడతాయి. పాత బియ్యం ఎక్కువ తాగుతుంది, కొత్త బియ్యం తక్కువ. రెండుసార్లు వండితే నీ బియ్యం సంగతి నీకే తెలిసిపోతుంది.

ఇక నూనె. నన్నడిగితే అన్నం రుచిలో పెద్ద రహస్యం ఇక్కడే ఉంది. మసాలా దినుసుల వాసన చాలావరకు నూనెలో కరిగేదే. నీళ్లలో జీలకర్ర వేసి ఉడికిస్తే వచ్చే వాసనకూ, నూనెలో వేయించి తర్వాత నీళ్లు పోస్తే వచ్చే వాసనకూ పోలికే లేదు. గిన్నెలో ఒక చెంచా నూనో, నెయ్యో, వెన్నో వేడిచేసి ఒక టీస్పూను జీలకర్ర వెయ్యి. చిటపటలాడగానే రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక బిర్యానీ ఆకు వేసి, కడిగి నీళ్లు ఓడ్చిన బియ్యం కూడా పొయ్యి. మంట తగ్గించి రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండు. గింజ అంచులు కాస్త అద్దంలా మారి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు వేడినీళ్లు, ఉప్పు వేసి మూత పెట్టు. గింజకు నూనె పట్టడం వల్ల అన్నం పొడిపొడిగా కూడా వస్తుంది. రైస్ కుక్కర్ వాడుతుంటే ఈ వేయింపు వరకు విడిగా బాణలిలో చేసుకుని కుక్కర్‌లోకి దింపుకో.

ఉల్లిపాయ కూడా ఇలాగే. సన్నగా తరిగి సన్నని మంట మీద వేయించు. పెద్ద మంట పెడితే అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. గోధుమరంగు వచ్చేదాకా, పావుగంట పట్టినా సరే, ఆగు. ఆ తీపి అన్నమంతా పరుచుకుంటుంది. వెల్లుల్లి విషయంలో మాత్రం జాగ్రత్త. అది ఉల్లిపాయకన్నా చాలా త్వరగా మాడుతుంది, మాడితే చేదు. ఉల్లిపాయ వేగాక చివర్లో వేసి, దోరగా అవగానే బియ్యం పోసెయ్యి. పసుపు వేసుకుంటే పావు టీస్పూను చాలు. రంగు బాగుందని ఎక్కువ వేస్తే చేదెక్కుతుంది.

నీళ్లకు బదులు ఏం పోయవచ్చో కూడా ఆలోచించు. కూరగాయల తొక్కలు, కాడలు కడిగి, నీళ్లలో అరగంట మరిగించి వడకడితే మంచి రసం దిగుతుంది. కొత్తిమీర కాడలు పారేయకు, వాసన ఆకులో కన్నా కాడలోనే గట్టిగా ఉంటుంది. ఎండు పుట్టగొడుగులు దొరికితే వేడినీళ్లలో నానబెట్టి, అడుగున చేరే ఇసుక వదిలేసి, పైన తేరిన నీళ్లు ఎసరుగా పొయ్యి. మాంసం వండినట్టే లోతైన రుచి వస్తుంది. ప్యాకెట్‌లో దొరికే సూప్ క్యూబులు వాడితే వాటిలో ఉప్పు ముందే బాగా ఉంటుంది, నువ్వు విడిగా వేయకు. కొబ్బరిపాలు పోస్తే సగం పాలు, సగం నీళ్లు. అంతా చిక్కటి పాలే పోస్తే అడుగంటుతుంది. అన్నీ కలిపి నీ మామూలు నీటి కొలత దాటకూడదు.

టమాటా వేసే రోజు ముక్కల్ని నూనెలో మెత్తగా మగ్గనిచ్చాకే బియ్యం పొయ్యి. పులుపులో బియ్యం కాస్త నెమ్మదిగా ఉడుకుతుంది, పలుకు ఉందని కంగారుపడకు. పొయ్యి ఆపినా మూత తీయకుండా పది నిమిషాలు వదిలెయ్యి, ఆ ఆవిరికే మెత్తబడుతుంది. ఆ మాటకొస్తే ఏ అన్నానికైనా ఆ పది నిమిషాలు ఇవ్వు. అడుగున తడి, పైన బిరుసు లేకుండా అంతా సర్దుకుంటుంది.

నిమ్మరసం మాత్రం ఎసట్లో వద్దు. మరిగితే దాని తాజాదనం పోతుంది. దించి కలిపేటప్పుడు పిండు. నిమ్మ తొక్కను పైపైన తురిమి వేస్తే ఇంకా బాగుంటుంది. పసుపుపచ్చ పొర వరకే తురుము, కింది తెల్లటి భాగం చేదు. కొత్తిమీర, పుదీనా ఆకులు, మిరియాల పొడి, వేయించిన నువ్వులు, పల్లీలు కూడా దించాక వేసుకునేవే. పళ్లకింద కరకరలాడేది ఒకటి ఉంటే చాలు, ఉత్త అన్నమైనా తిన్నట్టుంటుంది.

సువాసన ఉన్న బియ్యం, అంటే బాస్మతి, జాస్మిన్ లాంటివి తెచ్చుకుంటే వాటిమీద ఇవన్నీ రుద్దకు. ఆ వాసనకు ముఖ్య కారణం 2-అసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. పాప్‌కార్న్‌లో వచ్చే వాసన కూడా చాలావరకు దీనిదే. పేరు గుర్తుండకపోయినా పరవాలేదు, అది ఆవిరితో పాటే ఎగిరిపోతుందని మాత్రం గుర్తుంచుకో. అందుకే ఆ బియ్యాన్ని అరగంట నానబెట్టి వండు. తొందరగా ఉడుకుతుంది, వాసన నిలుస్తుంది. ఉప్పు, కొంచెం వెన్న తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

మొదట్లో అందరికీ అన్నీ ఒకేసారి వేయాలనిపిస్తుంది. వద్దు నాన్నా. ఒక పూటకు ఒక రుచి ముందుండాలి. జీలకర్ర అన్నమైతే జీలకర్ర, కొబ్బరి అన్నమైతే కొబ్బరి. దాల్చినచెక్క, లవంగం లాంటివి వెనక ఉండి సాయం చేస్తాయి. రెండూ ముందుకొస్తే తిన్నది ఏమిటో నాలుకకు తెలియదు.

మిగిలిన అన్నం గురించి అడిగావు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడుతుంది, వేయించుకోవడానికి అదే మేలు. తాజా అన్నం బాణలిలో ముద్దవుతుంది, చల్లారినది విడివిడిగా వేగుతుంది. బాణలి బాగా వేడెక్కాకే వెయ్యి, కొంచెం కొంచెంగా వెయ్యి. సోయా సాస్ పోస్తే అన్నం మీద కాకుండా బాణలి అంచు వెంట పొయ్యి, ఆ వేడికి దాని పచ్చివాసన పోతుంది.

కానీ ఒక్క విషయంలో నా మాట తప్పకుండా విను. అన్నం వండాక గంట, మహా అయితే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేరాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు, అవి ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషపదార్థం తయారుచేస్తాయి, మళ్లీ ఎంత వేడిచేసినా అది పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాటికల్లా తినెయ్యి. రాత్రంతా గట్టు మీద మర్చిపోయిన అన్నం పొద్దున్నే వాసన బాగానే ఉన్నా పారెయ్యి.

ఈ ఆదివారం జీలకర్ర అన్నంతో మొదలుపెట్టు. నీళ్లు ఎంత పట్టాయో, ఉప్పు సరిపోయిందో లేదో రాయి. దాన్నిబట్టి కొలత సరిచేసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ