జీడితోటలో దొరికిన పాత బుల్లెట్ ఇంట్లో ఉంచుకుంటే కేసా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఊరు. ఆన్‌లైన్‌లో చిన్న మెటల్ డిటెక్టర్ కొని మా మేనమామ జీడితోటలో తిప్పుతుంటే జానెడు లోతులో రెండు దొరికాయండి. ఒకటి గోలీ కంటే కాస్త పెద్ద సీసం గుండు, పైన తెల్లగా పూత పట్టి ఉంది. రెండోది ఇత్తడి తొడుగుతో మొన ఉన్న పొడుగు బుల్లెట్, అడుగున ఏవో అక్షరాలున్నాయి. సవరల తిరుగుబాటు నాటివని మామయ్య అంటున్నాడు, పాత వస్తువులు కొనే ఒకాయన రెండూ కలిపి ఐదు వేలు ఇస్తానన్నాడు. ఎప్పటివో ఎలా తెలుస్తుంది, అమ్మితే తప్పా?

జవాబు: ముందు ఆ ఐదు వేలాయనకి ఫోన్ చేసి లేదని చెప్పెయ్యండి బాబూ, మిగతాది తర్వాత. ఆ పొడుగుది పేలనిదే అయితే లైసెన్సు లేకుండా అమ్మడం ఆయుధాల చట్టం సెక్షన్ 25(1) కిందకి పోతుంది, 2019 సవరణ తర్వాత దానికి కనీసం ఏడేళ్ళు. ఊరికే ఇంట్లో ఉంచుకున్నా రెండు నుంచి ఐదేళ్ళు, జరిమానా వేరే.

మనం మాటల్లో అన్నిటినీ బుల్లెట్టే అంటాం గానీ ముందుకి ఎగిరిపోయే మొన వేరు, మందు నింపిన పూర్తి తూటా వేరు. మీ రెండోదానికి మొన ఇత్తడి తొడుగులోనే బిగిసి ఉందంటున్నారు కదా, అంటే అది పేలనిదే అనుకోవాలి. అడుగున మధ్యలో చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, తుపాకీలో కాలిస్తే దాని మీద సూదితో పొడిచినట్టు గుంట పడుతుంది. గుంట ఉన్నా ఒక్కోసారి లోపల మందు మిగిలే ఉంటుంది కాబట్టి ఆ ధైర్యం కూడా వద్దు. పొడవు ఏడున్నర సెంటీమీటర్లు దాటితే త్రీనాట్‌త్రీ రైఫిల్‌ది అయ్యే అవకాశం ఎక్కువ, అడుగున కె ఎఫ్ అని ఉంటే పూనా దగ్గర కిర్కీ ఫ్యాక్టరీది, పక్కన 43 అని ఉంటే 1943. ఆ రకం తూటా వచ్చిందే 1880ల చివర్లో, సవరల గొడవలు 1830ల్లోనూ 1857 చుట్టుపక్కలా జరిగాయి, కాబట్టి దీని విషయంలో మామయ్య లెక్క తప్పింది. పైగా ఈ తుపాకులు స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు పోలీసుల దగ్గర ఉన్నాయి, అంటే ఇది మీ నాన్నగారి కాలంది కూడా కావచ్చు.

సీసం గుండు సంగతి వేరు. కంసాలి దగ్గర కొలిపించండి, 17 మిల్లీమీటర్లు, 30 గ్రాముల చుట్టుపక్కల ఉంటే కంపెనీ సిపాయిల మస్కెట్‌ది, అంటే ఆ కాలపు పొడుగు తుపాకీది అనుకోవచ్చు. 1832 చివర్లో పర్లాకిమిడి జమీను గొడవలు అణచడానికి రస్సెల్ అనే కంపెనీ దొరని సైన్యంతో పంపారు, ఆ సైన్యంది అయినా అవ్వొచ్చు. కానీ మన కొండల్లో నాటు తుపాకీలకి సీసం కరిగించి ఇంట్లోనే గుండ్లు పోసుకునేవాళ్ళు ఉన్నారు, కాబట్టి గుండ్రంగా తెల్లగా ఉంది కదా అని పాతదైపోదు, ఆ తెలుపు సీసం మట్టిలో నాని పట్టేది. దాని మీద కేసు భయం పెద్దగా లేదు. తూటాలో భాగం కూడా చట్టం లెక్కలో మందుగుండే గానీ, జత భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకి సెక్షన్ 45(డి) మినహాయింపు ఇస్తుంది. అదే సెక్షన్ పూర్తి తూటాకి కూడా పనికొస్తుందని కోర్టుల్లో వాదిస్తాం, ఒక్కోసారి గెలుస్తాం కూడా, అయితే అది అరెస్టయ్యాక చెప్పుకునే మాట కదా.

"నాకేం తెలుసు, మట్టిలో దొరికింది" అందామంటారా? తెలిసి దగ్గర ఉంచుకోవడం ఉంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది నిజమే. మట్టిలో ఉన్నంతకాలం మీ మామయ్యకి ఏ బాధా లేదు. మీరేమో తవ్వి, తుడిచి, అక్షరాలు చూసి, నాకు ఉత్తరం కూడా రాశారు!

నా క్లయింట్ ఒకాయన ఇలాంటిదాన్నే గొలుసుకి లాకెట్ చేయిద్దామని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళాడు. కంసాలి గ్యాస్ మంట వెలిగించి, అడుగు తిప్పి చూసి, మంట ఆర్పేసి పీట వెనక్కి లాక్కున్నాడట. మావాడి ప్రాణం దక్కింది గానీ వారం తిరక్కుండా కేసు పడింది, ఎవరో స్టేషన్‌లో చెప్పేశారు.

కాబట్టి ఆ పొడుగుదాన్ని ఎక్కడ పెట్టారో అక్కడే ఉంచి, రుద్దడం, ఎండబెట్టడం, జేబులో వేసుకుని పాతపట్నం బస్సెక్కడం ఇవేవీ చెయ్యకుండా 112కి చెప్పండి, లేదా స్టేషన్‌కి ఉత్త చేతులతో వెళ్ళి వాళ్ళనే రమ్మనండి. ఏ తేదీన, ఏ సర్వే నెంబర్లో, ఎంత లోతులో దొరికిందో కాగితం మీద రాసివ్వండి, ఒడియాలో అయితే అక్కడ పని తొందరగా అవుతుంది, కోర్టు బయట టైపిస్టు రాసిపెడతాడు. రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకోకుండా మాత్రం ఇంటికి రాకండి. ఒకవేళ కేసు కట్టినా ఊరికే దగ్గర ఉంచుకున్న నేరానికి కోర్టుకెళ్ళాలంటే సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, అప్పుడు ఆ కాపీయే మీకు దిక్కు.

ఇంకోటి, అదే తోటలో రేపు నాణేలేమైనా తగిలితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. 1878 నాటి చట్టం, పది రూపాయల విలువ దాటితే చాలు, ఇప్పటికీ ఆ పది రూపాయలే! డిటెక్టర్ పట్టుకుని జౌగడ శాసనం లాంటి రక్షిత స్థలాల వైపు మాత్రం పోవద్దు.

సీసం గుండు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకి అందనివ్వకండి, గోలీ అనుకుని నోట్లో పెట్టేసుకుంటారు.